ముప్పై ఎనిమిది గ్రాముల గుడ్డు

ఫిబ్రవరి 3, మంగళవారం
ఉదయం 6.10

కొత్త పుస్తకం. కొత్త పెన్ను. మొదటి పేజీలోనే కొట్టివేతలు ఉండకూడదని ముందు చిత్తుకాగితం మీద రాసుకుని ఇక్కడికి ఎక్కిస్తున్నాను.

సంగతి ఇది. మాకు మూడు నాటుకోళ్లు, ఒక నల్ల పుంజు. దొరసాని పెద్ద గుడ్డు పెడుతుంది. పిడికెడు చిన్న గుడ్డు పెడుతుంది. అది ఉండడమూ పిడికెడే, అందుకే ఆ పేరు. మూడోది పెద్దమ్మ. దానికి గుడ్లు తగ్గిపోయాయి కానీ, ఎవరి గుడ్లు కింద పెట్టినా సొంతవే అనుకుని పొదుగుతుంది.

మొన్న ఆదివారం మా ఆవిడ చెల్లెలి మొగుడు వచ్చాడు. నాకు తోడల్లుడు. బస్సు కండక్టరుగా చేసి దిగిపోయాడు. ఇప్పటికీ వెనక సీటు దాకా వినపడేలా మాట్లాడతాడు. పిడికెడు గుడ్డును వేళ్ల మధ్య తిప్పి చూసి, ఇది గుడ్డా గోలీనా అన్నాడు. చిన్న గుడ్డులోంచి చిన్న పిల్ల, చిన్న పిల్లలోంచి చిన్న కోడి, దీన్ని మేపడం దండగ అన్నాడు. దీన్ని నాకిచ్చెయ్యండి, కుండలోకి పనికొస్తుంది, బదులుగా మా ఇంటి పెట్టను ఇస్తాను అన్నాడు.

మా ఆవిడ నావైపు చూసింది.

అప్పుడు పిడికెడు నా పాదాల మీద కూర్చుని ఉంది. రోజూ పేపరు చదివే వేళకు అక్కడే కూర్చుంటుంది. వెచ్చగా ఉంటుంది. వద్దు అనాలనుకున్నాను. మాట నోటిదాకా వచ్చింది. పేజీ తిప్పాను.

మా ఆవిడ కాసేపు ఆగి, సరే తీసుకుపో అంది.

నిన్న పశువుల ఆసుపత్రికి నడిచి వెళ్లాను. గుడ్డు చిన్నదైతే పిల్ల ఎదగదా అని డాక్టరమ్మను అడిగాను. ఆ ఒక్క ప్రశ్న దారంతా బట్టీపట్టుకుంటూ వెళ్లాను. ఆవిడ నవ్వి, తూచి చూడండి తాతగారూ అంది. ఒకే రోజు పొదిగించి, ఎనిమిది వారాలు తూచి రాస్తే, కోళ్లు పెంచేవాళ్ల మీటింగులో చదివిద్దాం అంది. వంటింటి కాటా కూడా ఇచ్చింది. ఒక గ్రాము తేడా కూడా చూపిస్తుందట!

తోడల్లుడికి కబురు పెడితే ఒప్పుకున్నాడు. పందెం: ఎనిమిదో వారానికి చిన్న గుడ్ల పిల్లలు పెద్ద గుడ్ల పిల్లలతో సమానమైతే పిడికెడు ఇక్కడే ఉంటుంది. కాకపోతే అతని కుండలోకి.

నేను ముప్పై ఆరేళ్లు లారీల కాటా మీద పనిచేశాను. లోడు బండి ఎక్కుతుంది, తూస్తాను. ఖాళీ బండి ఎక్కుతుంది, తూస్తాను. తేడా రాసి కిటికీలోంచి చీటీ అందిస్తాను. ఒక్క తప్పు చీటీ ఇవ్వలేదు. అలాంటివాడికి కోడిపిల్లలొక లెక్కా?

నియమాలు:
1. ప్రతి మంగళవారం ఉదయం ఏడింటికి, మేత వెయ్యకముందు తూచాలి.
2. ఉన్నది ఉన్నట్టు రాయాలి.
3. పిల్లలకు పేర్లు పెట్టకూడదు.
4. అన్నిటికీ ఒకే మేత. ఒకదానికి ఎక్కువ, ఒకదానికి తక్కువ లేదు.
5. వాటితో మాట్లాడకూడదు. (ఇది తేలిక. నేను మనుషులతోనే మాట్లాడను.)

దొరసాని గుడ్లు ఆరు: 54, 53, 55, 52, 54, 56 గ్రాములు.
పిడికెడు గుడ్లు ఆరు: 38, 39, 37, 40, 38, 39.

పన్నెండూ పెద్దమ్మ కింద పెట్టాను. అది ఒక్కొక్కదాన్నీ ముక్కుతో సర్దుకుని, నన్ను పొమ్మన్నట్టు చూసింది.

ఈ రోజు ఆవిడతో అన్నది: "ఎనిమిది వారాలు." రెండు మాటలు.

ఫిబ్రవరి 10, మంగళవారం
సాయంత్రం 6.45

గది తలుపులు మూసి, టార్చిలైటు మీద గుడ్లు పెట్టి చూశాను. లోపల ఎర్రటి నరాలు. సాలీడు గూడులాగా! ఒకదాంట్లో నల్లచుక్క కదిలింది. టార్చి వదిలేశాను. గుడ్డును మాత్రం వదల్లేదు.

పదకొండు మంచివి. దొరసాని గుడ్డు ఒకటి ఖాళీ. నాకు సంతోషం కలగలేదు. కలగలేదని రాస్తున్నాను. నియమం రెండు ఉంది కదా. కొంచెం కలిగింది.

ఫిబ్రవరి 17, మంగళవారం

ఒకే కోడి కింద అన్నీ పుడితే ఏది ఎవరిదో ఎలా తెలుస్తుంది? ఈ ప్రశ్నకు రెండు రోజులు నిద్ర పట్టలేదు. జవాబు దొరికింది. దారాలు! పుట్టగానే కాలికి కడతాను. దొరసాని పిల్లకు ఎర్రది, పిడికెడు పిల్లకు నీలం.

నీలం దారం కుట్టు పెట్టెలో ఉంది. ఎర్రది దొరకలేదు. ఆవిడ తన పాత స్వెట్టరు చేయి విప్పి ఉన్ని దారం ఇచ్చింది. దేనికని అడగలేదు. అడుగుతుందని జవాబు కూడా తయారు చేసుకున్నాను.

ఫిబ్రవరి 24, మంగళవారం

ఉదయం 5.20: గంపలో కీచుమని వినిపించింది. ఒక్కటే.
5.50: పీట వేసుకుని గంప ముందు కూర్చున్నాను.
6.35: మొదటిది! దొరసానిది. తడి తడిగా, ఎండలో ఆరేసిన సాక్సులా ఉంది. 36. ఎర్ర దారం.
8.00: ఆవిడ టిఫిను ఇక్కడికే తెచ్చింది.
9.10: పిడికెడుది ఒకటి. 25. నీలం.
11.40: వరసగా నాలుగు. చేతులు చాల్లేదు. ఆవిడ పక్కన కూర్చుని దారాలు తుంచి ఇచ్చింది.
మధ్యాహ్నం 3.15: ఆఖరిది. పెంకు సగం పగలగొట్టి గంటసేపు అలాగే పడుకుంది. సాయం చెయ్యకూడదని చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. అదే బయటికి వచ్చింది. 24.

ఎర్రవి ఐదు: 36, 35, 37, 34, 36.
నీలివి ఆరు: 25, 26, 24, 27, 25, 26.

తండ్రి ఒక్కడే, నల్ల పుంజు. అందుకే పదకొండూ మసిగుడ్డ ముక్కల్లా ఒకే రంగు. దారాలు కట్టకపోతే బ్రహ్మదేవుడు కూడా విడదీయలేడు. నా తెలివికి నేనే ముచ్చటపడ్డాను.

ఫిబ్రవరి 25, బుధవారం

ఆ 24 గ్రాములదానికి ఖాళీబండి అని పేరు పెట్టాను.

ఇది పేరు కాదు, గుర్తు. కాటా మీద ఖాళీ బండిని ఖాళీ బండి అనే అంటాం.

మార్చి 3, మంగళవారం
మొదటి వారం

ఎర్రవి సగటున 55. నీలివి 42.

పదమూడు గ్రాముల తేడా. పుట్టినప్పుడు పదే ఉంది. మూడుసార్లు తూచాను. కాటాను నేల మీద పెట్టి తూచాను, బల్ల మీద పెట్టి తూచాను. అంతే.

ఎర్రవి నూకల పళ్లెం మధ్యలో నిలబడి తింటున్నాయి. నీలివి అంచున నిలబడి తింటున్నాయి. ఖాళీబండి వాటి వెనక నిలబడి తింటోంది. తినడం కాదు, చూడడం.

నేనూ చిన్నప్పుడు బడిలో మధ్యాహ్నం అన్నం వరసలో ఆ చివరే నిలబడేవాణ్ణి.

మార్చి 4, బుధవారం
ఉదయం 5.40

స్నానాల గది వెనక పాత చెక్కకు చెదలు పట్టింది. కింద కాగితం పట్టి దులిపితే గుప్పెడు చెదపురుగులు రాలాయి. దగ్గుబిళ్లల డబ్బా ఖాళీగా ఉంటే దాంట్లో వేసి, సగం నూకలు కలిపాను. జేబులో పట్టింది. ఊపితే గలగలమంటుంది.

నియమం నాలుగు ఏమంది? అన్నిటికీ ఒకే మేత అంది. మేత అంటే పళ్లెంలో వేసేది. జేబులోది మేత కాదు.

డబ్బా ఊపాను. నీలివాటిని మాత్రం చేత్తో ఇటు రమ్మన్నాను. ఖాళీబండి నా బొటనవేలెక్కి తింది.

మార్చి 8, ఆదివారం

తోడల్లుడు వచ్చాడు. పుస్తకంలో అంకెలు మాత్రం చూసి, పదమూడు గ్రాములా, అన్నయ్యా, అప్పుడే మసాలా నూరించమంటావా అన్నాడు. మా ఆవిడ నావైపు చూసింది. నేను పిల్లలవైపు చూశాను.

ఆవిడతో మాటలు: సున్నా.
పిల్లలతో: లెక్క పెట్టలేదు. నియమం అయిదు గురించి ఒక సంగతి. మాట్లాడడం అంటే ఎదుటివాళ్లు జవాబు చెప్పాలి. అవి కీచుమంటాయి అంతే. కాబట్టి అది మాట్లాడడం కిందికి రాదు.

మార్చి 10, మంగళవారం
రెండో వారం

ఎర్రవి 92. నీలివి 80.

ఒక గ్రాము తగ్గింది! కాటా కేబిన్లో నేనెప్పుడూ ఈల వెయ్యలేదు. ఈ రోజు వేశాను. పక్కింటావిడ గోడ మీదుగా చూసింది.

మార్చి 13, శుక్రవారం

విచిత్రం. డబ్బా తొందరగా అయిపోతోంది. పొద్దున నింపితే నాలుగింటికల్లా అడుగు కనిపిస్తోంది. నా చెయ్యి పెద్దదేమో. చిటికెడు అనుకుని గుప్పెడు పెడుతున్నానేమో.

నాలుగో నియమం పూర్తిగా పోయింది. ఇప్పుడు కాదనను. రెండోది మాత్రం నిలబడి ఉంది. ఉన్నది ఉన్నట్టే రాస్తున్నాను. బరువులు మాత్రమే.

మార్చి 17, మంగళవారం
మూడో వారం

ఎర్రవి 140. నీలివి 131. తేడా తొమ్మిది.

తగ్గుతోంది కానీ తగ్గాల్సినంత తగ్గడం లేదు. రోజూ చెదలు తినేవి నీలివి. ఎర్రవి ఒట్టి నూకలతో ఎలా ఇంత లావెక్కుతున్నాయి? దొరసాని రక్తం అనుకోవాలి.

పాత దారాలు బిగిశాయి. ఆవిడా నేనూ కూర్చుని ఒక్కొక్క పిల్లనే పట్టుకుని, పాతది విప్పి, వెంటనే కొత్తది కట్టాం. ఒక్కొక్కటే. వెంటనే. ఈ పద్ధతి నాదే.

మార్చి 24, మంగళవారం
నాలుగో వారం

ఎర్రవి 205.
నీలివి 200.
అయిదు గ్రాములు!! పంచదార చెంచాడు!

పిడికెడు పాదాల మీద ఉండగా దానికి చదివి వినిపించాను. కళ్లు మూసుకుంది.

ఇంకా నాలుగు వారాలున్నాయి. గెలిచినట్టే. మీటింగులో ఏం చదవాలో రాసుకోవడం మొదలుపెట్టాను. "సభకు నమస్కారం" దాకా వచ్చింది.

మార్చి 29, ఆదివారం

వాన. రెండు రోజులుగా ఆగకుండా.

తోడల్లుడు గొడుగుతో వచ్చాడు. వచ్చే ఆదివారం వాళ్లింటికి చుట్టాలు వస్తున్నారట. ఎనిమిదో వారం దాకా ఆగడం దేనికి, ఈ మంగళవారం సమానం రాకపోతే ఆదివారం గంప తెచ్చుకుంటానన్నాడు.

ఇది పందెంలో లేదు. అనాలనుకున్నాను.

మా ఆవిడ నావైపు చూసింది. చాలాసేపు చూసింది.  నేను చుక్కలు కారుతున్న చూరును చూస్తూ, బకెట్టు పెట్టాలి అన్నాను.

సరే, నీ ఇష్టం అందావిడ అతనితో. లోపలికి వెళ్లి గిన్నెలు గట్టిగా సర్దింది.

మార్చి 31, మంగళవారం
అయిదో వారం

ఇది నెమ్మదిగా రాయాలి.

ఉదయం ఏడింటికి పిల్లలన్నిటినీ గదిలోకి తెచ్చి తలుపు వేశాను. వానకు తడిసి ఉన్నాయి. ఎర్రవి అయిదూ తూచాను. సగటు 281. నీలివి ఆరూ తూచాను. సగటు 279.

రెండు గ్రాములు! రెండంటే రెండు! ఆ రెండు గ్రాముల కోసం పిడికెడు కుండలోకి పోతుంది.

అప్పుడు ఎర్ర దారం మీద నా చూపు పడింది. ఉన్ని. వానకు తడిసి, ఉబ్బి, నీళ్లు కారుతోంది. నీలం దారం కుట్టు దారం. దానికి తడేముంది?

ఒకసారి వానాకాలంలో ఒక డ్రైవరు పట్టా కప్పిన లారీని కాటా మీదికి తెచ్చాడు. లోడుతో వచ్చినప్పుడు పట్టా తడిసి ఉంది. ఖాళీగా వచ్చినప్పుడు పట్టానే లేదు. నీళ్లను సరుకు కింద అమ్ముతున్నాడు! నేను పట్టా దింపించి మళ్లీ తూచాను. మేనేజరు పిలిచి భుజం తట్టాడు. ముప్పై ఆరేళ్లలో భుజం తట్టింది ఆ ఒక్కసారే.

ఎర్రపిల్లలు తడి పట్టాతో ఎక్కాయి. పట్టా దింపాలి!

చకచకా విప్పాను. అయిదు ఎర్రదారాలూ ఒక కుప్ప. న్యాయం ఇద్దరికీ ఒకటే కదా, ఆరు నీలందారాలూ విప్పి ఇంకో కుప్ప. ఎర్ర కుప్ప కాటా మీద పెట్టాను. 3 గ్రాములు. అయిదు పిల్లలకు పంచితే ఒక్కోదానికి అర గ్రాము పైన. నీలం కుప్ప పెట్టాను. 0.

ఆహా అనుకుంటూ తలెత్తాను.

మంచం కింద పదకొండు పిల్లలు. పదకొండూ ఒకే రంగు. ఒక్కదాని కాలికీ దారం లేదు.

ఉదయం 7.50: ఇంకా అలాగే కూర్చున్నాను.

8.15: ఆవిడ తలుపు తట్టి, టిఫిను చల్లారిపోతోంది అంది. వస్తున్నా అన్నాను. ఒక మాట.

ఏప్రిల్ 1, బుధవారం

పెద్దవి అయిదూ ఎర్రవి అనుకుని కడదామని చూశాను. కానీ నీలివాటికి దొంగమేత పెట్టింది ఎవరు? నేను. అవే పెద్దవై ఉండొచ్చు. చిన్నవి ఆరూ నీలివి అందామా? ఎర్రవాటికి దొంగమేత పెట్టింది ఎవరు? ఎవరూ లేరు. అవే చిన్నవై ఉండొచ్చు.

ఖాళీబండినైనా గుర్తుపట్టగలననుకున్నాను. ఖాళీబండి అని పిలిచాను. నాలుగు వచ్చాయి.

ఆవిడకు తెలియకుండా దారాలు ఉత్తుత్తిగా కట్టేశాను. అయిదింటికి ఎర్రవి, ఆరింటికి నీలివి. కళ్లు మూసుకుని కట్టాను.

ఏప్రిల్ 2, గురువారం

ఈ పేజీలో ముందు ఇలా రాశాను: "అయిదో వారం. ఎర్రవి 280. నీలివి 280. సమానం."

చదువుకున్నాను. బాగానే ఉంది. అక్షరాలు కుదురుగా ఉన్నాయి. ఎవరూ కనిపెట్టలేరు.

కొట్టేశాను. పెన్ను కాగితంలోకి దిగిపోయింది. వెనక పేజీ కూడా చిరిగింది. నా చేతి మీదుగా తప్పు చీటీ వెళ్లదు. పేర్లు పెట్టాను, మాట్లాడాను, దొంగమేత పెట్టాను, అంతవరకూ సరే. చీటీ మాత్రం వెళ్లదు.

ఏప్రిల్ 3, శుక్రవారం
ఉదయం 9.30

ఉపాయం తట్టింది! రాత్రంతా ఎందుకు తట్టలేదో!

డబ్బా చప్పుడుకు వచ్చేవి ఏవి? నీలివి. వాటికే కదా అలవాటు చేశాను. ఊపగానే ఆరు పరుగెత్తుకొస్తాయి, అయిదు ఉన్నచోటే ఉంటాయి. నా తప్పే నాకు సాక్ష్యం!

ఆవిడ పక్కింటికి వెళ్లేదాకా ఆగాను. పెరట్లో నిలబడి డబ్బా ఊపాను.

వచ్చాయి.

పదకొండూ వచ్చాయి. పెద్దమ్మ కూడా వచ్చింది.

మళ్లీ ఊపాను. పదకొండు. వాకిట్లోకి వెళ్లి ఊపాను. పదకొండు. నాకు నవ్వొచ్చింది. ఎందుకో తెలియదు. మెట్ల మీద కూర్చుని ఒక్కణ్ణే నవ్వుకున్నాను. అవన్నీ నా చొక్కా మీదికెక్కాయి.

ఎర్రవాటికి ఈ చప్పుడు ఎవరు నేర్పారు?

ఏప్రిల్ 5, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

10.30కి తోడల్లుడు గంపతో వచ్చాడు. నేను కుర్చీలో ఉన్నాను. పేపరు ఉంది. పిడికెడు పాదాల మీద ఉంది. ఆవిడ వంటింటి గడపలో నిలబడి చేతులు తుడుచుకుంటోంది.

పుస్తకం తియ్యి అన్నాడు. ఇచ్చాను. పేజీలు తిప్పి, అయిదో వారం దగ్గర ఈ కొట్టివేతలేంటి అని అడిగాడు.

"కలిసిపోయాయి," అన్నాను.

"ఏవి?"

"పిల్లలు. దారాలు నేనే విప్పాను. నీలివాటికి దొంగమేత కూడా నేనే పెట్టాను."

అతను గోడ పట్టుకుని నవ్వాడు. కండక్టరు నవ్వు, టాపు మీదివాళ్లు కూడా దిగిపోయేంత. లోకంలో లారీలన్నీ తూచినవాడివి, కోడిపిల్ల కాలి దారం దగ్గర బోల్తాపడ్డావా అన్నాడు. అయితే పందెం నాదే అంటూ వంగి, నా పాదాల దగ్గర చెయ్యి పెట్టాడు.

పిడికెడు కదల్లేదు. మెడ మాత్రం నావైపు తిప్పింది.

"దాన్ని ముట్టుకోకు. దాన్ని ఇవ్వను. గుడ్డు చిన్నదైనా సరే. పిల్లలు చిన్నవైనా సరే. అది నా కాళ్ల మీద కూర్చుంటుంది. నాకది ఇష్టం."

పదిహేడు మాటలు. ఒకే ఊపులో. ఇప్పుడు లెక్కపెట్టాను. అప్పుడు ఎవరో మాట్లాడుతున్నట్టు విన్నాను.

తోడల్లుడు వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

మా ఆవిడ వచ్చి నా ఎదురుగా పీట మీద కూర్చుంది.

"ఈ ముక్క అనడానికి రెండు నెలలు పట్టిందా మీకు?"

పేపరు మడిచి కింద పెట్టాను.

"ఆ రోజు పేపరు చాటున దాక్కోకుండా ఇదే మాట అనుంటే, ఇతన్ని అప్పుడే ఉత్త చేతులతో పంపేదాన్ని. చూశాను మీ వైపు. మూడు ఆదివారాలు చూశాను. నలభై మూడేళ్లుగా నాతో కిటికీలోంచి చీటీ అందించినట్టే మాట్లాడారు. ఈసారైనా నోరు తెరిచి అడుగుతారేమోనని చూశాను."

"నీకు ముందే తెలుసా?"

"నాకు తెలుసు, పక్కింటావిడకు తెలుసు, ఆ పదకొండింటికీ తెలుసు."

డబ్బా గురించి అడిగాను. ఆవిడ మొదటిసారి తడబడింది. మధ్యాహ్నం నేను కునుకు తీసేటప్పుడు, కొక్కేనికి తగిలించిన చొక్కా జేబులోంచి తనే తీసుకునేదట.

"మీరు పొద్దున్నే నీలివాటిని పిలిచి పిలిచి పెడుతుంటే, ఆ అయిదూ గోడ పక్కన నిలబడి చూసేవి. వాటికి మాత్రం ఎవరున్నారు? ఎర్రదారం చూసి, వాటికి నేను పెట్టాను."

తోడల్లుడు గంపను బోర్లించి దానిమీద కూర్చున్నాడు. "వదినా, ఎర్రవాటికి నువ్వు, నీలివాటికి అన్నయ్య. అంటే రెండింటికీ సమానంగా పడింది. మరి మీరిద్దరూ ఇన్నాళ్లు తూచిందేంటి?"

 ముందు ఆవిడ నవ్వింది. తర్వాత నేను. నాకు ఎక్కిళ్లు వచ్చేదాకా నవ్వాను. ఆవిడ నీళ్లు తెచ్చింది, తెస్తూ ఒలకబోసింది.

అతను భోంచేసి, చుట్టాల కోసం దొరసాని గుడ్లు ఆరు పట్టుకుని వెళ్లాడు. వెళ్తూ, పిడికెడును చూసి, మా ఆవిడతో, నీ మొగుడు మాట్లాడతాడే వదినా, నేను మూగవాడనుకున్నాను అన్నాడు.

ఏప్రిల్ 6, సోమవారం

డాక్టరమ్మకు పుస్తకం చదవమని ఇచ్చాను. కాటా కూడా బల్ల మీద పెట్టాను. చదువుతుంటే నేను గోడమీది పశువుల బొమ్మలు చూశాను. ఆవిడ కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకుంది. నవ్వడం వల్ల.

తర్వాత చెప్పింది. పెద్ద గుడ్డు పిల్ల పుట్టుకతోనే బరువుగా ఉంటుందట. అది నిజమే. కానీ ఆ పైచెయ్యి వారాలు గడిచేకొద్దీ తగ్గుతూ వస్తుందట. తర్వాత్తర్వాత జాతి, మేత, తల్లి చూసుకునే తీరు, వీటిదే బలం.

"మీరు చేతులు కట్టుకుని కూర్చున్నా తేడా చాలావరకు తగ్గేదేమో, తాతగారూ. ఎంత తగ్గుతుంది, ఎన్ని వారాలకు తగ్గుతుంది, అదే మిమ్మల్ని రాయమన్నాను."

అంటే నేను ఏమీ చెయ్యకుండా ఉంటే గెలిచేవాణ్ణి!

కాటా నావైపే తోసింది. సొరుగులోంచి ప్లాస్టిక్ రింగులు తీసి ఇచ్చింది. కాళ్లకు తొడిగేవి. అంకెలున్నాయి. ఇవి విప్పకండి అంది. ఎంత బరువుంటాయి అని అడగబోయి ఆగాను.

మీటింగులో ఈ పుస్తకమే చదవమంది. చదువుతానన్నాను. సభలో నేనెప్పుడూ నోరు విప్పలేదు. కానీ అనేశాను.

ఏప్రిల్ 14, మంగళవారం
ఉదయం 6.10

కొత్త పుస్తకం.

పిడికెడు పొదుగుకు వచ్చింది. నా పాదాలకు చల్లగా ఉంది. దాని కింద పన్నెండు పట్టవు, ఎనిమిదే పెట్టాను.

దొరసానివి: 55, 53, 54, 56.
పిడికెడువి: 38, 37, 39, 38.

నియమాలు:
1. మంగళవారం ఏడింటికి తూచాలి.
2. ఉన్నది ఉన్నట్టు రాయాలి.
3. రింగులు విప్పకూడదు. తడిసినా సరే. వరదొచ్చినా సరే.
4. దొంగమేత లేదు. నాకూ లేదు, ఆవిడకూ లేదు. ఇద్దరం సంతకాలు పెట్టాం.
5. పేర్లు, మాటలు: ఈ నియమం తీసేశాం.

దగ్గుబిళ్లల డబ్బా ఆవిడ ఎక్కడో దాచింది. ఎనిమిది వారాల దాకా చెప్పనంది.

10.20: పేపరు గంప ముందు కూర్చునే చదివాను. లోపలి నుంచి పిడికెడు చూస్తోంది. బయట ఆ పదకొండూ డబ్బా కోసం నా జేబు పొడుస్తున్నాయి. పాపం, వీటికి నియమం లేదు కదా. ఇవి పాత లెక్కలోవి.

11.00: ఆవిడను అడిగాను. డబ్బా ఎక్కడ పెట్టావు, వీటికి కాసిని పెడదాం, గంపలోవాటికి కాదు, ఒట్టు అన్నాను.

చెప్పింది.

ఈ రోజు మాటలు: పొద్దున్నుంచి లెక్క మరిచిపోయాను.